క్యాన్సర్ జాబితాలో ఏముంది, మన కంచంలో ఏముంది: ఏ ఆహారంతో ముప్పు ఎంత?

2015 అక్టోబర్‌లో సాసేజ్, బేకన్. 2016 జూన్‌లో పొగలు కక్కే టీ. 2023 జులైలో డైట్ కూల్‌డ్రింకుల్లో తీపి కోసం కలిపే అస్పర్టేమ్. 2024లో మొదట పీచుమిఠాయి రంగు, ఆ తర్వాత మసాలా పొడుల్లో ఎథిలీన్ ఆక్సైడ్.

కొన్నాళ్లకోసారి ఒక తినుబండారమో, పానీయమో క్యాన్సర్‌తో ముడిపడి వార్తల్లోకి ఎక్కుతుంది. వారం పాటు ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. కొందరు భయపడి ఆ వస్తువు మానేస్తారు. 'ఏది తిన్నా క్యాన్సరే అంటారు, ఇక తినేదేముంది' అని మరికొందరు అన్నింటినీ కొట్టిపారేస్తారు.

భోజనం అయ్యాక నోట్లో వేసుకునే వక్కపొడి గురించి మాత్రం అలాంటి మెసేజ్ వచ్చిన సందర్భాలు అరుదు. నిజానికి వక్కను 'మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుంది' అనే జాబితాలో చేర్చి ఇరవై ఏళ్లు దాటింది. మద్యాన్ని చేర్చింది 1988లో.

అంటే జనం భయపడుతున్నది ఒకదానికి, ఎక్కువ నష్టం చేస్తున్నది మరొకటి. ఈ తేడా ఎందుకు వస్తోందో అర్థం కావాలంటే, ముందు ఆ జాబితాను ఎలా చదవాలో తెలియాలి.

'గ్రూప్ 1' అంటే ఏమిటి?

ఏ పదార్థం క్యాన్సర్ కారకమో తేల్చే పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) చూస్తుంది. 1965లో ఏర్పడిన ఈ సంస్థ ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం నుంచి పనిచేస్తుంది. వివిధ దేశాల నిపుణులు అప్పటివరకు వెలువడిన పరిశోధనలన్నింటినీ ముందు పెట్టుకుని, ఒక్కో పదార్థాన్ని ఒక్కో గ్రూపులో చేరుస్తారు.

మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తగినంత సాక్ష్యం ఉంటే గ్రూప్ 1. కలిగించే అవకాశం గట్టిగా ఉంటే గ్రూప్ 2ఏ. సాక్ష్యం పరిమితంగా ఉంటే గ్రూప్ 2బీ. ఏదీ తేల్చలేని స్థితిలో ఉంటే గ్రూప్ 3.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ గ్రూపులు సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతాయి తప్ప, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. సూది గుచ్చుకుంటుందన్నది ఎంత ఖాయమో, కత్తి కోస్తుందన్నదీ అంతే ఖాయం. గాయాలు మాత్రం ఒకటి కావు. పొగాకు, ఎండ, సాసేజ్ మూడూ గ్రూప్ 1లోనే ఉన్నాయి. అంత మాత్రాన రోజూ ఒక సాసేజ్ తినడం, రోజూ ఒక పెట్టె సిగరెట్లు కాల్చడం సమానం కాదు.

2015లో 10 దేశాలకు చెందిన 22 మంది నిపుణులు 800కు పైగా అధ్యయనాలను పరిశీలించి ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూప్ 1లో, మేక, గొర్రె, పశు, పంది మాంసాలను గ్రూప్ 2ఏలో చేర్చారు. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా వేశారు.

18 శాతం అనగానే వందలో 18 మందికి క్యాన్సర్ వస్తుందని అనుకుంటే పొరపాటే. జీవితకాలంలో వందలో ఐదుగురికి ఈ క్యాన్సర్ వచ్చే సమాజం ఒకటి ఉందనుకుంటే, అక్కడ అందరూ రోజూ 50 గ్రాములు తిన్నా ఆ ఐదు దాదాపు ఆరు అవుతుంది. ఒకరికి ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. కోట్లమంది రోజూ తినే దేశానికి చిన్నది కాదు.

అదే ఏడాది ఐఏఆర్‌సీ ఉదహరించిన ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం, ప్రాసెస్డ్ మాంసం ఎక్కువగా ఉండే ఆహారం వల్ల ఏటా సంభవించే క్యాన్సర్ మరణాలు సుమారు 34 వేలు. మద్యం వల్ల సుమారు 6 లక్షలు. పొగాకు వల్ల సుమారు 10 లక్షలు. మూడూ ఒకే గ్రూపు, మూడు వేర్వేరు లెక్కలు.

తెలుగు ఇళ్లలో ఆదివారం వండుకునే మాంసం కూర ప్రాసెస్డ్ మాంసం కిందికి రాదు. ఉప్పు, నైట్రైట్ వంటి వాటితో నిల్వ చేసిన, పొగబెట్టిన మాంసానికే ఆ పేరు వర్తిస్తుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడి, పిల్లల లంచ్ బాక్సులో రోజూ హామ్ శాండ్‌విచ్ పెట్టే తెలుగు కుటుంబాలకు ఆ 18 శాతం లెక్క ఎక్కువ అవసరం.

వక్క: అలవాటు కింద దాగిన ముప్పు

ఐఏఆర్‌సీ 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఏడాది కొత్తగా నమోదైన క్యాన్సర్ కేసులు సుమారు 14.1 లక్షలు. మరణాలు సుమారు 9.2 లక్షలు. మహిళల్లో రొమ్ము క్యాన్సర్, పురుషుల్లో నోటి క్యాన్సర్ మొదటి స్థానంలో ఉన్నాయి.

నోటి క్యాన్సర్ ఇంత ఎక్కువగా ఉండటానికి కారణం వెతుక్కుంటూ దూరం వెళ్లనక్కర్లేదు. 2022లో ప్రపంచమంతటా వచ్చిన 3,89,800 నోటి క్యాన్సర్లలో 1,20,200 కేసులకు నమిలే పొగాకు, వక్క కారణమని ఐఏఆర్‌సీ పరిశోధకులు 2024 అక్టోబర్‌లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రికలో వెల్లడించారు. అందులో 83,400 కేసులు ఒక్క భారతదేశానివే.

పొగాకు హానికరమని అందరికీ తెలుసు. వక్క సంగతి వేరు. తాంబూలం లేకుండా పెళ్లి లేదు, పూజ లేదు, పేరంటం లేదు. పిల్లలకు కూడా చిటికెడు తీపి వక్కపొడి పెడతారు. 'పొగాకు లేదుగా' అన్న ధీమాతో చాలామంది రోజుకు నాలుగైదు పొట్లాలు నములుతారు.

ఐఏఆర్‌సీ 2004లో ప్రచురించిన నివేదిక ఆ ధీమాకు ఆధారం లేదని తేల్చింది. పొగాకు కలిపిన కిళ్లీ అంతకుముందే గ్రూప్ 1లో ఉంది. ఈ నివేదికతో పొగాకు లేని కిళ్లీ, వక్క కూడా అందులో చేరాయి. తమలపాకును మాత్రం ఒంటిగా క్యాన్సర్ కారకంగా వర్గీకరించలేదు.

వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం, ఇతర రసాయనాలు నోటి లోపలి పొరను క్రమంగా గట్టిపరుస్తాయి. మొదట కారం తగిలితే మంట పుడుతుంది. తర్వాత బుగ్గలు బిగుసుకుంటాయి, నోరు పూర్తిగా తెరుచుకోదు. వైద్యులు 'సబ్ మ్యూకస్ ఫైబ్రోసిస్' అనే ఈ స్థితి కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. బిగుసుకుపోయిన నోరు మళ్లీ మునుపటిలా కావడం కష్టం. అలవాటు మానేస్తే ముప్పు తగ్గుతుంది.

2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపడాన్ని నిషేధించాయి. వాటి ఆధారంగా 2012 నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గుట్కాను నిషేధించాయి. తెలంగాణ 2024 మేలో ఏడాది కాలానికి అలాంటి ఉత్తర్వులే ఇచ్చింది. అయితే పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో అమ్మడంతో కొనుగోలుదారు రెండింటినీ అరచేతిలో కలుపుకుంటున్నారు. వక్కకు ఈ నిషేధం వర్తించదు. ప్రపంచంలో వక్కను అత్యధికంగా పండించే దేశం భారత్ కావడంతో, కర్ణాటక, కేరళ, అస్సాం రైతుల జీవనోపాధి కూడా ఈ చర్చలో భాగమవుతోంది.

మద్యం: సీసా మీద కనిపించని మాట

నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, మహిళల్లో రొమ్ము. మద్యంతో ముడిపడి ఉన్నట్టు నిర్ధారణ అయిన క్యాన్సర్లు ఇవి. 2020లో ప్రపంచంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో సుమారు 7.4 లక్షలు, అంటే 4.1 శాతం మద్యం వల్లే వచ్చాయని 2021లో 'లాన్సెట్ ఆంకాలజీ'లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది.

మద్యంలోని ఆల్కహాల్ శరీరంలో ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అది కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న డీఎన్ఏ సరిదిద్దుకోకుండా అడ్డుపడుతుంది. ఈ పని చేసేది ఆల్కహాలే కాబట్టి అది విస్కీలో ఉందా, బీరులో ఉందా, కల్లులో ఉందా అన్నది ముఖ్యం కాదు. ఎంత లోపలికి వెళ్లిందన్నదే ముఖ్యం. 'వైన్ గుండెకు మంచిది', 'కల్లు ప్రకృతి సిద్ధం' అన్న మాటలు క్యాన్సర్ విషయంలో చెల్లవు.

క్యాన్సర్ కోణంలో మద్యానికి సురక్షిత పరిమితి అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిపాటి తాగుడుతోనే మొదలవుతుంది. మద్యానికి సిగరెట్ తోడైతే నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు రెండింటి మొత్తం కంటే ఎక్కువగా పెరుగుతుంది.

2025 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి, మద్యం సీసాలపై క్యాన్సర్ హెచ్చరిక ముద్రించాలని సిఫార్సు చేశారు. భారత్‌లో సీసాపై 'మద్యపానం ఆరోగ్యానికి హానికరం, తాగి వాహనం నడపవద్దు' అన్న అర్థం వచ్చే హెచ్చరిక 2019 నుంచి తప్పనిసరి. అందులో క్యాన్సర్ అన్న మాట లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాలకూ మద్యం ప్రధాన ఆదాయ వనరు కావడం గమనించాల్సిన విషయం.

బూజు పట్టిన పల్లీ, 1974 నాటి మొక్కజొన్న

1974లో అకాల వర్షాలకు రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ ప్రాంతాల్లో మొక్కజొన్న తడిసి బూజు పట్టింది. అదే ప్రధాన ఆహారమైన పేద కుటుంబాలు దాన్నే వండుకుని తిన్నాయి. కామెర్లు, పొట్టలో నీరు చేరడం వంటి లక్షణాలతో 397 మంది జబ్బుపడ్డారు. వారిలో 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న ఊరి కుక్కలూ చనిపోయాయి.

కారణం శోధించిన బృందాల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) శాస్త్రవేత్తలు ఉన్నారు. మొక్కజొన్నపై పెరిగిన ఆస్పర్‌జిల్లస్ అనే బూజు విడుదల చేసిన అఫ్లటాక్సిన్ అనే విషం ఇందుకు కారణమని తేలింది.

ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో చేరితే కాలేయం దెబ్బతిని ప్రాణాలు పోతాయి. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి చేరితే కాలేయ క్యాన్సర్ వస్తుంది. అఫ్లటాక్సిన్లు కూడా గ్రూప్ 1లోనే ఉన్నాయి. దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారికి అఫ్లటాక్సిన్ తోడైతే, ఆ వైరస్ లేకుండా అఫ్లటాక్సిన్‌కు గురైనవారితో పోలిస్తే కాలేయ క్యాన్సర్ ముప్పు 30 రెట్ల వరకు ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జాతీయ టీకా కార్యక్రమంలో పిల్లలకు ఉచితంగా వేసే హెపటైటిస్ బి టీకా ఒకరకంగా క్యాన్సర్ టీకా కూడా.

వేరుశెనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి వంటివి ఈ బూజుకు త్వరగా లొంగుతాయి. వేరుశెనగ పండించే అనంతపురం వంటి కరువు ప్రాంతాల్లో చివరి దశలో పంట బెట్టకు గురైతే, కాయ భూమిలో ఉండగానే బూజు చేరుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ సమస్యపై దశాబ్దాలుగా పరిశోధన చేస్తోంది.

బూజు పట్టిన దాణా తిన్న గేదె, ఆవు పాలలోకీ ఈ విషం చేరుతుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2019లో విడుదల చేసిన జాతీయ పాల సర్వేలో 6,432 నమూనాలకు గాను 368 నమూనాల్లో అఫ్లటాక్సిన్ ఎం1 పరిమితికి మించి ఉంది. పాలల్లో నీళ్లు కలిపారా, యూరియా కలిపారా అన్న చర్చ ముందు ఇది మరుగున పడింది.

వంటింట్లో చేయగలిగింది తేలికే. ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదుగా ఉన్న పల్లీలను ఏరిపారేయాలి. 'వేయిస్తే పోతుందిలే' అనుకోకూడదు. మామూలు వంట వేడికి అఫ్లటాక్సిన్ పూర్తిగా నశించదు. గింజలను బాగా ఎండబెట్టి, చెమ్మ తగలని డబ్బాల్లో దాచాలి. ఒక చేదు గింజ పడిందని పచ్చడి మొత్తం పారబోయలేకపోవచ్చు. కానీ రోలులో వేసే ముందు గింజలు ఏరే పాత అలవాటు వెనక గట్టి కారణమే ఉంది.

వేడి టీ, మాడిన బజ్జీ

65 డిగ్రీల సెల్సియస్‌ దాటిన వేడితో తాగే పానీయాలను ఐఏఆర్‌సీ 2016లో గ్రూప్ 2ఏలో చేర్చింది. తప్పు టీ ఆకుది కాదు, కాఫీ గింజది కాదు, వేడిది. అన్నవాహిక లోపలి పొర మళ్లీ మళ్లీ కాలి, మళ్లీ మళ్లీ మానుతూ ఉండటం వల్ల ముప్పు పెరుగుతుందని భావిస్తున్నారు. కాఫీని అదే సమీక్షలో గ్రూప్ 3లో ఉంచారు.

ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంతంలో 50 వేల మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. 60 డిగ్రీలు, అంతకు మించిన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు పైగా టీ తాగేవారిలో అన్నవాహిక క్యాన్సర్ ముప్పు, చల్లారిన టీ తక్కువగా తాగేవారితో పోలిస్తే 90 శాతం ఎక్కువగా ఉంది. భారత్‌లో అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువగా కనిపించే కశ్మీర్‌లో, వేడివేడిగా తాగే ఉప్పు టీపై పరిశోధకుల దృష్టి ఎప్పటి నుంచో ఉంది. టీ మానేయనక్కర్లేదు. కప్పు చేతికి అందాక నాలుగైదు నిమిషాలు ఆగితే చాలు.

వేపుళ్ల విషయానికొస్తే, బంగాళదుంప వంటి పిండి పదార్థాలను 120 డిగ్రీలకు మించి వేడి చేసినప్పుడు అక్రిలమైడ్ ఏర్పడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో కనుగొన్నారు. జంతువుల్లో అది క్యాన్సర్ కారకం. మనుషులు తినే మోతాదుల్లో స్పష్టమైన సాక్ష్యం లేదు. బంగారు రంగు వచ్చాక దించేయడం, మాడనివ్వకపోవడం తెలివైన పని. కాల్చిన మాంసం మీద నల్లగా మాడిన భాగాన్ని తీసేయడమూ అంతే.

మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించడం వల్ల హానికర పదార్థాలు పోగవుతాయి. నూనెలో 'టోటల్ పోలార్ కాంపౌండ్స్' 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై నుంచి నిబంధన తెచ్చింది. బజ్జీల బండి దగ్గర ఈ కొలత వేసేవారు ఉండరు. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంటే కంటితోనే గుర్తుపట్టొచ్చు.

అస్పర్టేమ్, రంగులు, మసాలాల సంగతేంటి?

అస్పర్టేమ్ 2023లో చేరింది గ్రూప్ 2బీలో, అంటే పరిమిత సాక్ష్యం ఉన్న జాబితాలో. అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల కమిటీ రోజువారీ పరిమితిని మార్చలేదు. శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాములు అన్న పాత పరిమితినే కొనసాగించింది. 70 కిలోల వ్యక్తి ఆ పరిమితి దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డబ్బాల డైట్ కూల్‌డ్రింక్ తాగాలి.

పీచుమిఠాయిలో దొరికిన రోడమిన్ బి బట్టలకు వేసే రంగు. ఆహారంలో కలపడం నేరమే. పుదుచ్చేరి, తమిళనాడు, కర్ణాటక 2024లో చర్యలు తీసుకున్నది అందుకే. కానీ ఐఏఆర్‌సీ జాబితాలో అది గ్రూప్ 3. ఎథిలీన్ ఆక్సైడ్ గ్రూప్ 1 అయినా, మనుషులకు సంబంధించిన సాక్ష్యంలో ప్రధాన భాగం పరిశ్రమల్లో దాన్ని పీల్చిన కార్మికుల అధ్యయనాల నుంచి వచ్చింది.

వీటిని వదిలేయమని దీని అర్థం కాదు. కల్తీని అడ్డుకోవడం ప్రభుత్వం బాధ్యత, నిలదీయడం ప్రజల హక్కు. అయితే మసాలా పొట్లం మార్చి, చేతిలో వక్కపొడి పొట్లం అలాగే ఉంచుకుంటే ముప్పు తగ్గదు.

రోజూ తినే అన్నంలో తేడా ఎక్కడ?

ఏదో ఒక వస్తువు కంటే మొత్తం భోజనం తీరు ముఖ్యం. అధిక బరువు 13 రకాల క్యాన్సర్ల ముప్పును పెంచుతుందని ఐఏఆర్‌సీ 2016లో తేల్చింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం మహిళలు అధిక బరువుతో ఉంటే, తెలంగాణలో అది 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం.

ముడి ధాన్యాలు, పీచు, పెరుగు వంటి పాల పదార్థాలు పెద్దపేగు క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయనడానికి మంచి ఆధారాలు ఉన్నాయి. ఉప్పులో నిల్వ చేసిన ఆహారం ఎక్కువగా తింటే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఎండుచేపలు, ఊరగాయలు నంజుకునేంత వరకే ఉండాలి, కూర స్థానంలోకి రాకూడదు.

ఎన్ఐఎన్ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు లేదా మాంసాహారం సూచించాయి. తెల్ల అన్నం గుట్టగా, కూర చెంచాడుగా ఉండే కంచానికి ఇది దాదాపు తలకిందులు.

క్యాన్సర్‌ను తగ్గించే 'అద్భుత ఆహారం' ఏదీ లేదు. పసుపు, వేడి నిమ్మరసం, లక్ష్మణ ఫలం క్యాన్సర్‌ను నయం చేస్తాయని మనుషుల్లో రుజువు కాలేదు. చక్కెర మానేస్తే కణితి ఆకలితో చచ్చిపోతుందన్నదీ అపోహే. ఇలాంటి మాటలు నమ్మి రోగులు తిండి తగ్గించుకుని నీరసించడం, చికిత్స వాయిదా వేయడం అసలు నష్టం.

ఏది ముందు మార్చుకోవాలన్న ప్రశ్నకు సమాధానం ఈ వరుసలోనే ఉంది. మొదట పొగాకు, వక్క. తర్వాత మద్యం. ఆపైన బరువు, కంచంలో కూరగాయల వాటా, బూజు లేని గింజలు. అస్పర్టేమ్ గురించి ఆలోచించాల్సింది వీటన్నింటి తర్వాతే.

ఇవన్నీ పాటించినా క్యాన్సర్ రాదని హామీ లేదు. వయసు, జన్యువులు ఎవరి చేతుల్లోనూ ఉండవు. వచ్చినవారు తమ తిండినో, తమ ఇంటి వంటనో నిందించుకోవడం సరికాదు. నోట్లో పుండు గానీ, తెల్లటి మచ్చ గానీ రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నోరు తెరవడం కష్టమవుతుంటే వైద్యుడికి చూపించాలి. 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష జాతీయ కార్యక్రమంలో భాగంగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలోనే చేస్తారు. నోరు తెరిచి చూపించడానికి పట్టేది కొద్ది నిమిషాలే.